ఐదో కాగితం దాకా దిగిన అక్షరాలు

ఆ శనివారం సాయంత్రం మా వసారాలో ఉన్నది ముగ్గురం: నాలుగో తరగతి పాప, వాకాడు బజారులో బట్టలు కుట్టే వాళ్లమ్మ, ట్యూషన్ చెప్పే నేను. చాప మీద ఒక పరీక్ష పేపరు, రెండు పెన్సిళ్లు, ఐదు తెల్ల కాగితాలు, నాలుగు కార్బన్ కాగితాలు. సముద్రపు గాలికి ఎగిరిపోకుండా వాటి మీద ఒక రాయి.

పేపర్లో పది ప్రశ్నలు. పాప మూడింటికే జవాబు రాసింది. నోటితో అడిగితే పదీ చెప్పింది. రెండు వారాల్లో మళ్లీ పరీక్ష ఉంది. అప్పుడూ ఇంతే అయితే మూడో తరగతిలో కూర్చోబెడతానని వాళ్ల టీచరు చెప్పి పంపింది.

"ఒట్టి బద్ధకం తమ్ముడూ. మాటలు మాత్రం నాకు రెండింతలు," అంది వాళ్లమ్మ.

"చెయ్యి నొప్పి పెడతా ఉందిమా."

"సెల్లు పట్టుకుంటే పెట్టదా?"

నేను మెకానికల్ డిప్లొమా చదివాను. నొప్పిని కొలవలేను, నొక్కడాన్ని కొలవగలను. కాగితాల మధ్య కార్బన్లు పెట్టి ఒక వాక్యం రాశాను. మూడో కాగితానికే నా అక్షరాలు పలచబడ్డాయి. తర్వాత పాప చేత రాయించాను. ఐదో కాగితం మీద కూడా చక్కగా చదవొచ్చు. రాస్తున్నంతసేపూ పాప వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

వాళ్లమ్మ ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసింది. పాప బొటనవేలి మొదట్లో మెల్లగా పిసికింది.

"పెన్సిల్ వదులుగా పట్టుకోమని చాలాసార్లు చెప్పానక్కా," అన్నాను.

"చెపితే వచ్చేదా ఇది?" అని, సంచిలోంచి గుర్తులు పెట్టే సుద్దబిళ్ల, జారే లైనింగ్ గుడ్డ తీసింది. "దీని మీద రాయి. గుడ్డ కదలకూడదు."

మొదటి అక్షరానికే గుడ్డ సుద్దతో పాటు జరిగి కుప్పయింది. పాపకు నవ్వొచ్చింది.

"నేర్చుకునేటప్పుడు నేనూ ఇట్టే చేసినాను. నాకు కుట్టు నేర్పిన మేస్త్రి నవ్వలేదు," అంది వాళ్లమ్మ.

పదకొండోసారికి పాప గుడ్డ కదలకుండా 'పడవ' అని రాసింది.

సోమవారం నేను ఐదు కాగితాలూ తీసుకెళ్లి టీచరుకు చూపించాను. ఆవిడ వేలితో తడిమి చూసి, "ఇది నాకు తట్టలేదండీ," అంది. పరీక్షలో పావుగంట ఎక్కువ ఇస్తానంది. రోజూ సుద్దతో పది నిమిషాలు, పెన్సిల్‌తో పది నిమిషాలు రాయించాం. మధ్యలో నొప్పి అన్నప్పుడల్లా ఆపాం.

పరీక్షలో పాప పదింటికి ఎనిమిది రాసింది.