అగ్గికొండ పటం

మా ఇంటాయన యుద్ధానికి పోయేటప్పటికి మా పెండ్లయి ఎన్నో దినాలు కాలేదు. పెండ్లిలో పటం తీయించుకుందామంటే, ఆయుస్సు తగ్గిపోతాదని మా యత్త ఒప్పుకోలేదు. పోయినాక కొన్నాళ్లు కండ్లు మూస్తే ఆయన మొగం కనపడతా ఉండె. తరవాత తరవాత మీసం వస్తే ముక్కు రాదు, ముక్కు వస్తే కండ్లు రావు. ఎవురికి సెప్పుకునేది? నవ్వుతారు. అందుకే జాబు రాసినాను, మీ పటమొకటి తీయించి పంపండి అని.

దానికి జవాబుగా ఈ కొండ వచ్చింది.

వడమాలపేటలో మా ఇంటి అరుగు మీదనే కవరు సించినాను. పెద్ద కొండ, నెత్తిన పొగ, పొగ మొదట్లో తెల్లగా మంట. జాబులో ఆ ఊరి పేరు మీద పట్టాళమోళ్లు నల్లసిరా పూసేసినారు. మిగిలిందంతా ఆయన సంబరమే. "సెలవిచ్చినారు. తోటి సిపాయి దగ్గర కెమెరా అడుక్కోని పోయినాను. ఈ కొండ కడుపులోనుంచి అగ్గి కక్కతాది. ఫిల్ములో ఇంకొక్క పటమే మిగిలింది. నా మొగం నువ్వు సూసిందే గదా, ఇట్లాంటి కొండ మీరెవరూ సూసుండరని దీన్నే తీసినాను."

సూసిందే గదా అంట! నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

పక్కింటక్క తొంగి సూసి, "ఏమ్మే, మొగుడి పటమనుకుంటే కొండను పంపినాడే! ఆయప్పకంటే ఇదే ఎత్తుగా ఉండాదిలే" అనింది. నేనూ నవ్వినాను.

మా యత్త పటాన్ని ఎండలోకి పట్టకపోయి సూసి, చెంపలేసుకునింది.

"తిరువణ్ణామలై దీపం మే ఇది! కార్తీకంలో కొండమీద ఎలిగిస్తారే, అదే."

"అత్తా, అది సీమదేశంలో కొండ. ఎవురూ ఎలిగించలేదు, దానంతట అదే మండతాది."

"దానంతటదే మండేది దేవుడు గాక ఇంకెవురే?"

దేవునిగూట్లో పెట్టేసింది. దినామూ కొండ పాదాలకని కింద కుంకుమ పెడతాది. సోమారమైతే ఈదిలో ఆడోళ్లు గూడా వచ్చి మొక్కిపోతారు. అందరూ సూస్తారు, నాకు మాత్రం అందులో సూసేదానికేమీ లేదు.

ఒకనాడు గూడు తుడస్తా ఉంటే కనపడింది. కింద రాళ్లమీద పొడుగ్గా ఒక నీడ. రెండు మోచేతులూ పక్కలకు మడిసుండాయి, కెమెరా పట్టుకున్నట్టు. తలకాయుండాల్సిన సోట కుంకుమ.

"అత్తా, ఇట్ల రా! నీ కొడుకు ఈడుండాడు."

మా యత్త వంగి సూసింది. శానాసేపు సూసింది. "తలమీదనే పెట్టినానా!" అని గోటితో మెల్లగా కుంకుమ గీకింది. కింద టోపీ నీడుండాది, అంతే.

నేనింక ఉండబట్టలేక అడిగేసినాను. "అత్తా, ఆయన మొగం ఎట్లుంటాది? నాకు యాదికి రాలేదు. నువ్వన్నా సెప్పు."

తిడతాదనుకున్నాను. ఆమె పటాన్ని వొళ్లో పెట్టుకోని కూలబడింది.

"నాకు ముందర పండ్లూడిన పిల్లోడి మొగమే వస్తాది మే. పెద్దోడైనాక ఎట్లుండాడో నిన్నడగల్లనుకుంటా ఉంటి."