బెర్గెన్ రేవులో ఇరుకు మెట్లు

దయ్యాల మాటెత్తితే మా పలకల ఫ్యాక్టరీలో అందరికన్నా ముందు నవ్వేది నేనే. యర్రగొండపాలెం అడవి దారిలో ఎన్నోసార్లు ఒంటరిగా బండి మీద వచ్చాను. ఒక్కటీ ఎదురు కాలేదు. అందుకే ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

మాది మార్కాపురం. పలకరాయి కోసే పనిలోకి తమ్ముడు ప్రభుదాసును తెచ్చింది నేనే. కోసే ముందు రాయిని వేళ్ల కణుపులతో కొట్టి చూస్తాం. గట్టి రాయి ఖంగుమంటుంది, లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. వాడిది రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి.

దుమ్ముకు భయపడి వాడు ముక్కూ చెవులూ కలిపి తువ్వాలు చుట్టుకునేవాడు. "అది తీసెయ్‌రా, రాయి పలికేది నీకెట్ల వినపడతాది?" అని నలుగురిలో తిట్టాను. తీసేశాడు. పదిహేనేళ్లలో వాడి ఊపిరితిత్తులు దుమ్ముతో నిండిపోయాయి. డాక్టర్లు చేతులెత్తేశాక మా ఇంట్లోనే మంచాన పడ్డాడు.

పోయినేడాది, నార్వేకు పంపిన రాళ్లు పగులుతున్నాయని ఫిర్యాదు వచ్చింది. రాయి తెలిసినవాడినని ఓనరు నన్ను వెంట తీసుకెళ్లాడు. పని ముగిశాక బెర్గెన్ రేవులో పాత వర్తకుల ఇళ్లు చూడటానికి వెళ్లాం. వందల ఏళ్ల నాటివట. అన్నీ చెక్కవే, ఎర్రరంగువి, సముద్రం ఒడ్డున ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంట, సన్నగా వాన. ఓనరు కాఫీ తాగుతానంటే నేనొక్కడినే ఒక ఇంట్లో ఇరుకు మెట్లు ఎక్కుతున్నాను.

వెనక చెక్కగోడ మీద రెండు దెబ్బలు. కాస్త ఆగి ఇంకొకటి.

తర్వాత ఆయాసం. మెట్టు మెట్టుకూ ఆగి, ఈడ్చి పీల్చే ఊపిరి. రెండేళ్లుగా మా ఇంట్లో రోజూ వింటున్నదే. తిరిగి చూడకుండా గబగబా పైకి ఎక్కేశాను.

పైనుంచి తొంగి చూస్తే మెట్లు ఖాళీ. కింద టికెట్లిచ్చే ఆవిడను సైగలతో అడిగాను. నా వెనక ఎవరూ రాలేదంది. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ ఎత్తింది. "మీ తమ్ముడు పొద్దున్నుంచి మంచం దిగలా. ఇప్పుడే నిద్రపోయినాడు" అంది.

ఆ చెక్క ఇంటి సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఫొటో కూడా తీయలేదు. ఊరు చేరి బ్యాగు దించకముందే తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, ఆ ఎర్ర చెక్కల ఇంట్లో మెట్లు ఎక్కలేకపోయినా. పిలుద్దామంటే గొంతు రాలా. గోడ కొట్టినా. తిరిగి చూడలేదేందన్నా?"

"నాకు వినపడలేదురా" అన్నాను. ఆ రోజు నా చెవులకు తువ్వాలేమీ లేదు.

వాడు నా చెయ్యి వదిలేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తొమ్మిదో రోజు పోయాడు.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మంచం దిగలేని మనిషి సముద్రాలు దాటి ఆ మెట్ల దాకా వచ్చాడు. నేను తల తిప్పలేకపోయాను.