అవతలి ఒడ్డు నుంచి ఒక్క మాట

వాగుకు ఇవతల మేము ఎనిమిది మందిమి: అమ్మ, నేను, మా సంఘపెద్ద, ప్రార్థనకు వచ్చే ఆడవాళ్ళు ఇద్దరు, బస్సు డ్రైవరు, కండక్టరు, భద్రాచలం పోవాల్సిన బట్టల వ్యాపారి. ఆగిపోయిన బస్సు ఒకటి. గొడుగులు మూడు. అమ్మ సంచిలో బైబిలు, గ్లూకోజు పొట్లం, మలేరియా మాత్రలు పది. రోడ్డు నీళ్ళ కింద ఉంది.

అవతల, రెండు మైళ్ళ లోపల, అడవి పల్లెలో నాన్న ఉన్నాడు. ఆయన ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఉపదేశి. ఇల్లు వదిలి తొమ్మిది రోజులు. వాగు పొంగకముందు, రెండు రోజుల కిందట, అటునుంచి వచ్చిన ఒకతను మా గుమ్మంలో నిలబడి, "అయ్యగారికి చలిజరం. మనిషి తెలివిల లేడు" అని చెప్పి వెళ్ళాడు. మేము బయలుదేరేలోపే వాన పట్టుకుంది. మళ్ళీ కబురు లేదు.

అది ఎనభైల మొదట్లో. ఆ ఏడే నేను ఖమ్మంలో సివిల్ డిప్లొమా పూర్తిచేశాను. కూర్చోలేకపోయాను, నిలబడలేకపోయాను. ఒక వెదురు కర్రకు అంగుళానికో గాటు పెట్టి ఒడ్డున పాతి, పావుగంటకోసారి చూసి కాగితం మీద రాశాను. పది నుంచి రెండు దాకా పదిహేడు సార్లు. రెండు గాట్లు తగ్గింది. మూడు పెరిగింది.

"ఏంది సారూ, నువ్వు చూస్తే వాగు సిగ్గుపడి తగ్గుతదా?" అన్నాడు డ్రైవరు.

"చూడనీ అన్నా. నీ బండికంటే ఆ కర్రే నయం, టైముకు పనిచేస్తుంది," అన్నాడు కండక్టరు.

అమ్మ బస్సు మెట్టు మీద కూర్చుని పెదవులు కదుపుతోంది. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నుంచి నేను ఒక్కసారీ ప్రార్థన చేయలేదు. కళ్ళు మూసుకోగానే లెక్కలు అడ్డొచ్చేవి: తెలివి తప్పి రెండు రోజులు, దగ్గర మందు లేదు, మోసుకొచ్చే దారి లేదు.

రెండున్నరకు అవతలి ఒడ్డు మీదికి నలుగురు మగవాళ్ళు వచ్చారు. నాన్న ఉన్న పల్లెవాళ్ళే. చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచారు. వాళ్ళది కోయ మాట, పైగా నీళ్ళ హోరు. ఏమీ తెలియలేదు. చివరికి నలుగురూ కలిసి ఒక్క మాట అరిచారు. అది వినిపించింది.

"స్తోత్రం!"

మా సంఘంలో ఆ మాట ఎక్కడైనా చెల్లుతుంది. బిడ్డ పుడితే స్తోత్రం. తప్పిపోయిన గేదె దొరికితే స్తోత్రం. సమాధి మీద చివరి పిడికెడు మన్ను వేశాక కూడా స్తోత్రమే. వాళ్ళకు నాన్న నేర్పిన మొదటి తెలుగు మాట అది. దాన్నిబట్టి మనిషి ఉన్నాడో లేడో తేల్చడం ఎవరివల్లా కాదు.

"బాగైందనే అంటున్నరు," అన్నాడు సంఘపెద్ద.

"మన్ను చేసినంక గూడ గట్లనే అంటం గదా," అంది ఆడవాళ్ళలో ఒకామె. రెండో ఆమె మోచేత్తో పొడిచింది.

నేను నీళ్ళ అంచుకు పరుగెత్తాను. "నాయిన ఉన్నడా? ఉంటే ఒక చెయ్యెత్తండి! లేకుంటే రెండు!"

నలుగురూ రెండు చేతులూ ఎత్తారు.

నాన్న లేడనే అనుకుని నీళ్ళలోకి దిగబోయాను. అమ్మ వచ్చి నా భుజం పట్టుకుంది. "అవి స్తుతి చేతులు బిడ్డా. చెయ్యెత్తమంటే వాళ్ళు రెండూ ఎత్తుతరు. మీ నాయిన గట్లనే నేర్పిండు."

"మరి ఉన్నట్టా, లేనట్టా?"

"నాకేం ఎరుక? తెలిసినంకనే దేవుని పిలుస్తమా?"

ఆమె రెండు చేతులూ ఎత్తి "స్తోత్రం" అని అరిచింది. గొంతు మధ్యలో చీలింది. అప్పుడు చూశాను, ఆమె చేతులు వేళ్ళ దాకా వణుకుతున్నాయి. నేను నిదానం అనుకున్నది నిదానం కాదు.

అప్పటిదాకా విశ్వాసమంటే భయం పోవడమని అనుకునేవాణ్ణి. నాకు భయం పోయేది కాదు కాబట్టి నాకు విశ్వాసం లేదని తేల్చుకున్నాను. అమ్మకు నా అంత భయమూ ఉంది, అయినా పిలుస్తోంది. నేనూ చేతులెత్తాను. భయంతోనే, దేవుడి మీద కోపంతోనే ఆ మాట అన్నాను. మనసు కుదుటపడలేదు. చీకటి పడేదాకా ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూనే, మళ్ళీ మళ్ళీ అన్నాను. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన ప్రార్థనలు చాలా చేశాను గానీ, ఒకరిని పిలుస్తున్నానని తెలిసి చేసింది అదే మొదలు.

మర్నాడు ఉదయానికి నీరు నడుం లోతుకు దిగింది. తాడు పట్టుకుని దాటాం. నాన్న నులక మంచంలో కళ్ళు తెరిచి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. ఆ నలుగురే మంచాన్ని భుజాల మీద వాగు దాటించారు. దవాఖానాలో బరువు చూశారు. ముప్పై తొమ్మిది కిలోలు.