వందగారి లిఫ్టు తలుపు

మా అక్క మొగుణ్ణి ఆఫీసులో అందరూ వందగారు అంటారు. ఆ మాట చెవిన పడ్డా ఆయనకు కోపం రాదు, బిరుదనుకుంటాడు. లిఫ్టులను నడిపే చిన్న కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ రాయడం మా కంపెనీ పని. అందులో ఒక గడియారం చిప్పు సెకనుకు వందసార్లు టిక్కుమంటుంది. తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలి, మోటారు ఎప్పుడు ఆగాలి, అన్నీ ఆ టిక్కులు లెక్కపెట్టుకునే జరుగుతాయి. ఆ కోడంతా బావ రాసిందే. ఎక్కడ చూసినా వంద, రెండువందలు, ఐదువందలు. ఏ అంకె ఎందుకో ఒక్క ముక్క రాసి ఉండదు.

అడిగితే నవ్వేవాడు. "పేర్లు పెట్టుకోవడం మతిమరుపువాళ్ళకమ్మా. నాకన్నీ ఇక్కడున్నాయి," అని కణత మీద వేలితో కొట్టి చూపించేవాడు. అక్క పుట్టినరోజు కూడా అక్కడే ఉండాలి మరి. ఏటా అక్కే గుర్తుచేస్తుంది.

నా భయం వేరు. ఆయన ఉండే అపార్టుమెంటులో తిరిగేది మా కంపెనీ లిఫ్టే. మోకాళ్ళు అరిగి, వాకర్ పట్టుకుని నడిచే మా అమ్మ అక్క దగ్గర ఐదో అంతస్తులో ఉంటుంది. సాయంత్రం కింద బెంచీ మీద స్నేహితురాళ్ళతో కూర్చుని ఊళ్ళోవాళ్ళందరినీ ఆడిపోసుకోకపోతే ఆవిడకు ముద్ద దిగదు. లిఫ్టు లేదంటే ఇక నాలుగు గోడలే గతి.

ఇంతలో కొత్త చిప్పు వచ్చింది. అది సెకనుకు వెయ్యిసార్లు కొట్టుకుంటుంది. కోడ్‌లోని అంకెలకు పేర్లు పెట్టే పని పెద్దసారు నాకు అప్పగించాడు. 'సెకనుకు టిక్కులు' అని ఒక పేరు పెట్టి, దాని విలువ ఒక్కచోట రాసి, మిగతా అన్నిచోట్లా ఆ పేరే వాడాలి. మళ్ళీ చిప్పు మారితే ఆ ఒక్కచోట దిద్దుకుంటే చాలు. ముందుగా ఒక్కో అంకె దగ్గరా ఇదేమిటని బావను అడగాలి. రెండు అడిగేసరికే ఆయన ముఖం మాడ్చుకున్నాడు. మరదలు తన కోడ్‌లో వేలు పెట్టడమేమిటని అక్క దగ్గర సణిగి, పని నా చేతిలోంచి లాక్కుని ఒక్క పూటలో కానిచ్చేశాడు.

ఎలాగంటే, వంద అంకె ఉన్న ప్రతిచోటా దాన్ని తీసేసి 'వంద' అని పేరు పెట్టాడు. పైన ఒక వరుసలో, వంద అంటే వెయ్యి అని రాశాడు. నేను కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాను. నిజంగానే రాశాడు. ఇదేం పేరని నిలదీస్తే, పెట్టమన్నారు, పెట్టానన్నాడు. పెద్దసారు చూడకుండానే సరేనన్నాడు. బావ అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి కూడాను. కొత్త చిప్పున్న బోర్డు మొదట తమ లిఫ్టుకేనని అందరికీ చాటాడు.

బోర్డు బిగించేసరికి అమ్మ కింద బెంచీ మీద ఉంది. మెకానిక్ బటన్ నొక్కి పట్టుకుని ఆవిణ్ణి ఎక్కించి పంపాడు. పైన అక్క, నేను, బావ, ఇరుగుపొరుగు వేడుక చూడ్డానికి నిలబడ్డాం. తలుపు తెరుచుకుంది. అమ్మ వాకర్ ఎత్తేలోపే మూసుకుంది. వందలన్నీ వెతికి మార్చిన మనిషి కంటికి తలుపు దగ్గరున్న ఐదువందలు ఆనలేదు. పాత చిప్పుకు అది ఐదు సెకన్లు, కొత్తదానికి అర సెకను.

బావ బటన్ నొక్కాడు.

"ఏం బాబూ," అంది అమ్మ. తలుపు మూసుకుంది. మళ్ళీ నొక్కాడు.

"నన్ను దిగనిస్తారా," అంది. మూసుకుంది. మళ్ళీ నొక్కాడు.

"లేదా?"

చివరికి కార్యదర్శిగారే రెక్కల మధ్య దూరి అడ్డంగా నిలబడ్డారు. అవి రెండు భుజాలకూ తగిలి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ తగులుతున్నాయి. అమ్మ తీరుబడిగా దిగింది. ఇక ఆ లిఫ్టు ఎక్కనంది. మర్నాడు సాయంత్రం బాల్కనీలోంచి బెంచీకేసి చూస్తూ కూర్చుంది. అది చూడలేక నాకు ఏడుపొచ్చింది.

ఆ మరుసటి రోజు బావ నా టేబుల్ దగ్గరకు వచ్చి, అడిగేవేవో అడగమన్నాడు. ఒక్కో అంకే అడిగాను. సగానికి పైగా గుర్తులేదన్నాడు. ఆయన నోట ఆ మాట వింటుంటే నా కడుపు నిండిపోయింది. తలుపు దగ్గరకు వచ్చాం.

"ఈ ఐదు సెకన్లు ఎక్కడివి బావా?"

"నేనే దిగి చూసుకున్నా."

ఆ కోడ్ రాసేనాటికి ఆయన మెట్లు రెండేసి చొప్పున దూకే కుర్రాడు. దానికి నేను 'అత్తగారు దిగే సమయం' అని పేరు పెట్టి, విలువ ఖాళీగా వదిలి, కొలుచుకు రమ్మన్నాను. పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళాడు. ఇంటి దగ్గర అమ్మను బతిమాలి లిఫ్టు ఎక్కించి, తలుపు తెరిచి పట్టుకుని, కంగారు పడకుండా దిగమని ఫోన్‌లో కొలిచాడు. ఎనిమిది సెకన్లు. మొదట్నుంచీ తలుపు తెరిచి ఉన్నది ఐదేనని అమ్మకు చెప్పాడు.

అమ్మ వాకర్ మీద చేతులు ఆన్చి ఆయన్నే చూసింది. "ఐదేనా? నా కాళ్ళే పాడైపోయాయనుకుని ఇన్నాళ్ళూ సిగ్గుపడుతూ పరిగెత్తాను బాబూ."

మర్నాడు బావ ఎనిమిది కాదు, పది వెయ్యమన్నాడు. పేరు మార్చమని మాత్రం అడగలేదు.