స్టాండు మీద బండి

నిన్న పక్కింటివాళ్ల మోటారుసైకిలు పెట్రోలు వాసనకు చిన్నాయన గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడు ఆబిడ్స్ మలుపులో వానకు బండి జారి ఆయన కాలు విరిగింది. ఎముక అతికినా మోకాలు మళ్లీ వంగలేదు. "బండి అమ్మెయ్ బిడ్డా" అని నాయనమ్మ ఎంత ఏడ్చినా వినలేదు.

రోజూ సాయంత్రం నాంపల్లిలోని మా ఇంటి వాకిట్లో, స్టాండు వేసిన బండిని ఎలాగో ఎక్కి స్టార్ట్ చేసేవాడు. ఎక్కడికో తీసుకుపోతాడనుకుని నేను గౌను మార్చుకొచ్చి, వెనక కూర్చుని నడుం పట్టుకునేదాన్ని.

"ఎప్పుడు పోతం చిన్నాయనా?"

"పోతనే ఉన్నం గదా. గట్టిగ పట్టుకో."

ఆటపట్టిస్తున్నాడని ఒకరోజు అలిగి దిగిపోయాను. ఆయన వెనక్కి తిరగలేదు. ఇంజను చప్పుడులో తెలియలేదేమో అనుకున్నాను.

తెలిసే ఉంటుంది. అయినా బండి ఆపకుండా, ఒక్కడే పోతూ ఉన్నాడు.