ఎర్మెలిండా నోట ‘లేదు’

ఎర్మెలిండా నోట ‘లేదు’ అన్న మాట ఎవరూ విని ఎరగరు. మెక్సికోలోని ప్వేబ్లాలో ఆమె పుట్టిన ఊరి పద్ధతి అది. పెద్దవాళ్ల ముఖాన, అందులోనూ ఆఫీసరు ముఖాన, లేదనకూడదు. ఇష్టం లేకపోతే ‘చూద్దాం లెండి’ అనాలి. షికాగో వచ్చి ఇరవయ్యేళ్లు దాటినా, రైలు స్టేషను మెట్ల దగ్గర పొద్దున్నే బండి మీద మొక్కజొన్న పిండితో ఉడికించిన వేడివేడి టమాలేలు అమ్ముతూ కూడా ఆ మర్యాద వదల్లేదు. అడిగినవాడికల్లా కొసరు వేసేది. అడగనివాడు ఆ వీధిలో లేడు.

ఆమెకు ఒళ్లు మండింది ఒక్కసారే. వీధి బళ్లన్నీ తీయించేస్తానన్నాడు వార్డు సభ్యుడు పిన్యేడా. వెళ్లి మొర పెట్టుకుంటే, “మీకిక్కడ ఓటుందా అమ్మా?” అని నవ్వాడు. మర్నాడే ఆమె పౌరసత్వానికి దరఖాస్తు పెట్టింది.

ఇంటర్వ్యూలో అడిగే చరిత్ర ప్రశ్నలకు జవాబులు గడగడా అప్పజెప్పేది. వయసును బట్టి ఇంటర్వ్యూ సొంత భాష స్పానిష్‌లోనే కాబట్టి భాష బెంగా లేదు. చిక్కల్లా సొంత సంగతులు అడిగేటప్పుడే. కూతురు యెసెనియా వంటింట్లో ఆఫీసరై కూర్చుంది.

“ఎప్పుడైనా జైలుకెళ్లారా?”

“చూద్దాం లెండి.”

“చూసేదేంటమ్మా, లేదనాలి.”

“అంతటి ఆఫీసరు అడుగుతుంటే మొహం మీదే లేదంటామా? ఏమనుకుంటాడు?”

“సరే. ఎవరినైనా చంపారా?”

“మీరెలా అంటే అలాగేనండి.”

యెసెనియా తల పట్టుకుంది. “పౌరసత్వం మాట దేవుడెరుగు, నిన్ను సంకెళ్లేసి పంపిస్తారు.”

ఎర్మెలిండాకు నిజంగానే భయం పట్టుకుంది. ఇది పోతే బండీ పోతుంది, పిన్యేడా నవ్వు మాత్రం మిగులుతుంది. చివరికి ఉపాయం చెప్పింది రోజూ ఆమె దగ్గర తినే బస్సు డ్రైవరు రుపెర్తో.

“మమ్మల్నే ఆఫీసర్లనుకో అక్కా. కొసరుందా?”

మొదటిరోజు “లే...” అని మింగేసి, సిగ్గుతో రెండు కొసరు వేసింది. వారం తిరిగేసరికి గొంతు పెగిలింది. నెల తిరిగేసరికి వరసలో ఎవరికీ కొసరన్నది లేదు.

“నేర్పినవాడి కడుపే కొట్టావు కదక్కా,” అని రుపెర్తో లబోదిబోమన్నాడు.

ఇంటర్వ్యూలో దొంగతనానికీ, జైలుకీ, హత్యకీ టకటకా లేదు, లేదు, లేదండీ అంది. ఆ ఊపులో రాజ్యాంగాన్ని సమర్థిస్తారా అంటే కూడా “లే...” దాకా వెళ్లి, నాలుక కరుచుకుని, “సమర్థిస్తానండీ,” అంది. ఆఫీసరు నవ్వి సంతకం పెట్టాడు. ప్రమాణం చేసిన రోజే ఆమె ఓటరుగా పేరు నమోదు చేయించుకుంది.

ఎన్నికలు దగ్గరపడ్డాక పిన్యేడా ఫొటోగ్రాఫరుతో సహా స్టేషను మెట్ల దగ్గరికి వచ్చాడు. ఒక టమాలే తీసుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

“దొన్యా ఎర్మెలిండా, మీ ఓటు నాకున్నట్టే కదా?”

వరసంతా ఆమె వైపే చూస్తోంది. పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎర్మెలిండా అతని ముఖంలోకి చూసింది.

“లేదండీ,” అంది.

అని, ఎన్నాళ్ల తర్వాతో, అతని పొట్లంలో ఒక టమాలే కొసరు వేసింది.