జింక అడుగులు కనిపిస్తే

2016 జూన్ 14, మంగళవారం. బట్టలు రెండు విడతలు ఉతికాను. రెండో విడత ఈ జూన్ చలికి ఆరలేదు. ఇడ్లీ పిండి రుబ్బి హీటర్ పక్కన పెట్టాను. పొయ్యిలోకి కట్టెలు మూడు బుట్టలు లోపలికి తెచ్చాను. అమ్మాయి స్కూలు జాకెట్‌కి జిప్ మార్చాను. పదకొండున్నరకి ఫోన్. పక్కింటి అంకుల్ పోయారు.

ఆ రోజు నా డైరీలో ఇంతే ఉంది. ఫోన్ చేసింది ఆయన కూతురు. "నాన్న పొద్దున్నే వెళ్ళిపోయారు. నిద్రలోనే. ఆయన మంచం పక్కన మీ నంబర్ రాసిన కాగితం ఉంది, అందుకే మీకు చేశాను" అంది. చివర్లో ఏమైనా అన్నారా అని అడిగాను. "నిన్న కూడా అడుగులు కనిపించాయా, అడుగులు కనిపించాయా అని అడుగుతూనే ఉన్నారు. మాకు అర్థం కాలేదు" అంది.

నాకు అర్థమైంది. అందుకే మన సంఘం పత్రికకి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇన్వర్‌కార్గిల్ టౌన్ నుంచి మా ఇంటికి భోజనానికి వచ్చిన వాళ్ళు ఆయన్ని చూసే ఉంటారు. కంచె అవతల రబ్బరు గంబూట్లు వేసుకుని, పొడుగ్గా, కాస్త ముందుకి వంగి నిలబడే పెద్దాయన. ఎనభై దాటాయి. మావారికి ఇక్కడి డెయిరీ ఫాంలో పని దొరికి, టౌన్లో ఫ్లాట్ ఖాళీ చేసి వచ్చిన రోజు మా సామాను దింపడానికి పిలవకుండా వచ్చింది ఆయనొక్కరే. "నేనెవరికీ అంకుల్ని కాను" అనేవారు మొదట్లో. ఆరు నెలలకి అలవాటు పడ్డారు. నలభై ఏడేళ్ళ నన్ను చివరిదాకా "గర్ల్" అనే పిలిచారు.

ఆయన ఇంటి వెనక పల్లంలో చిన్న అడవి ఉంది. ఇక్కడి వాళ్ళు బుష్ అంటారు. వచ్చిన కొత్తలో చూపించడానికి తీసుకెళ్ళారు. పెద్ద పెద్ద చెట్లు, కింద అక్కడక్కడ ఫెర్న్ పొదలు తప్ప అంతా ఖాళీ. చీపురు పెట్టి ఊడ్చినట్టుంది. మన వైపు వాకిట్లో గడ్డిపరక కనపడకుండా ఊడిస్తేనే ఇల్లాలు. ఆయన్ని మెచ్చుకోవాలనిపించింది.

"అంకుల్, ఎంత శుభ్రంగా పెట్టుకున్నారు! మీరే ఊడుస్తారా?"

ఆయన నవ్వలేదు. "ఊడ్చేది నేను కాదు, గర్ల్. జింకలు."

ఆ అడవి మధ్యలో మా పడకగదంత చోటుకి ఇనప వల కట్టి ఉంది. ఆయనే ఎప్పుడో కట్టారట. వల లోపల చెయ్యి దూరనంత పచ్చదనం. మోకాలెత్తు మొక్కలు, నడుమెత్తు మొక్కలు, వాటి పైన ఇంకొన్ని. బయట ఏమీ లేదు. "అదే మట్టి, అదే వాన," అన్నారు. "పైకి చూసి అడవి బాగుందనుకుంటారు అందరూ. ఆ పైనున్నవి ముసలివి, నాలాగా. అవి పడిపోతే వాటి చోట నిలబడేది ఎవరు? కిందకి చూడు." ఆ తర్వాత నేను ఏ అడవిలోకి వెళ్ళినా ముందు కిందకే చూశాను.

ఈ దేశంలో జింకలు పుట్టలేదనీ, వేట సరదాకి ఓడల్లో తెచ్చి వదిలారనీ నాకు ఆయన చెప్పేదాకా తెలియదు. అవి కొండలంతా పెరిగిపోతే, వాటిని తగ్గించడానికి ప్రభుత్వం మనుషుల్ని పెట్టుకుంది. ఇరవై ఏళ్ళ వయసులో అంకుల్ ఆ పనిలో చేరారు. నెలల తరబడి కొండల్లో, రేకు గుడిసెల్లో. ఎన్ని చంపారో చూపించడానికి తోకలు కోసి తీగకి గుచ్చి తెచ్చేవారట. "వయసులో తోకలు లెక్కపెట్టాను. ఇప్పుడు మొక్కలు లెక్కపెడుతున్నాను. రెండూ ఒకే ఉద్యోగం" అనేవారు. గొప్పగా చెప్పేవారు కాదు. కూరగాయలు తరిగే పని గురించి నేను చెప్పినట్టే చెప్పేవారు.

మొదటి చలికాలం నేనొక తప్పు చేశాను. మంచు కురిసిన మర్నాడు వెనక కంచె దగ్గరికి ఒక ఆడ జింక వచ్చింది. డొక్కలు కనిపిస్తున్నాయి. క్యాబేజీ పైరేకులు వేశాను. మర్నాడూ వచ్చింది. వారం రోజులు క్యారెట్ తొక్కలు, కాలీఫ్లవర్ ఆకులు వేశాను. ఎనిమిదో రోజు అది పిల్లని కూడా తెచ్చింది. ఎవరో చుట్టాలు వచ్చినంత సంబరంతో వెళ్ళి అంకుల్‌కి చెప్పాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, "మంచిది, చెప్పావు" అన్నారు.

మర్నాడు పొద్దున్న రెండు చప్పుళ్ళు వినిపించాయి.

రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు. మావారు ఎగతాళి చేశారు. "ఆదివారం మటన్ వేపుడు తింటూ లేని జాలి ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందోయ్?" "మేకకి నేను చేత్తో అన్నం పెట్టి, ఆ తర్వాత తినలేదండీ" అన్నాను. మా ఇద్దరికీ జవాబు అంకుల్ దగ్గర ఉంది. ఆయనే వచ్చి, నా చేతికి తన గంబూట్లంత పాతదైన కోటు ఇచ్చి, పల్లంలోకి తీసుకెళ్ళారు. నా క్యాబేజీకి అలవాటు పడి వచ్చిన జింకలు, దారిలో ఉన్న బ్రాడ్‌లీఫ్ మొక్కలన్నిటి చిగుళ్ళు కొరికేశాయి. దళసరి గుండ్రటి ఆకుల మొక్కలవి. పెన్సిళ్ళలా మొండి కాడలు మిగిలాయి. "వీటికి తొమ్మిదేళ్ళు" అన్నారు. "జింక మీద నాకు కోపం లేదు. కోపం ఉన్నవాడు తుపాకీ ముట్టుకోకూడదు. కానీ నువ్వు దానికి అన్నం పెట్టావు, వీటికి పెట్టలేదు."

మా సంధి రసంతో కుదిరింది. జింకలు ముట్టని చెట్టొకటుంది అక్కడ, ఆకు కొరికితే నోరు మండుతుంది. పెప్పర్ ట్రీ అంటారు. నాలుగాకులు తెచ్చి మిరియాలకి బదులు నూరి చారు పెట్టి ఆయనకి ఇచ్చాను. ఒక గుక్క తాగి దగ్గారు, కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు. "జింకలకున్న తెలివి నీకు లేదు" అన్నారు. గిన్నె ఖాళీ చేసే ఇచ్చారు.

అప్పటి నుంచి ఆయనకి చూపు తగ్గుతున్న కొద్దీ లెక్క నా చేతికి వచ్చింది. ఆయన దగ్గర ప్లాస్టిక్ పైపులతో చేసిన మీటరు చదరం చట్రం ఉండేది. గుర్తు కొయ్యలు పాతిన పన్నెండు చోట్ల దాన్ని నేల మీద పరచాలి. లోపల ఏ మొక్కలు ఎన్ని, మోకాలి లోపు ఎన్ని, పైన ఎన్ని, కొరికినవి ఎన్ని, రాసుకోవాలి. నేను ఇంట్లో సబ్బు బిళ్ళ ఎప్పుడు విప్పానో కూడా రాసుకునే మనిషిని. నాకది హాయిగా ఉండేది. ఆయన పడిపోయిన మాను మీద కూర్చుని, "పోయినసారి ఆరు అన్నావు. ఏడోది ఎక్కడి నుంచి వచ్చింది? పేకాటలో కూడా ఇంత మోసం చూడలేదు" అనేవారు. "కళ్ళు పెట్టుకుని చూడండి, అంకుల్." "కళ్ళుంటే నీతో ఏం పని?"

మొండికాడల పక్క నుంచి కొత్తవి లేచాయి. ఈ ఏడాది మార్చిలో బ్రాడ్‌లీఫ్ మోకాలి దాటినవి ముప్ఫై ఎనిమిది. ఆ లెక్క చెప్పిన రోజు ఆయన టోపీ తీసి కాసేపు ఒళ్ళో పెట్టుకున్నారు.

ఏప్రిల్లో ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. కారెక్కే ముందు నా చేతిలో ఒక ఫోన్ నంబర్ పెట్టారు. మూడు పొలాల అవతల ఉండే ఆయన మేనల్లుడిది. "అడుగులు కనిపిస్తే వాడికి ఫోన్ చెయ్యి. అదే రోజు చెయ్యి. ఒక్క చలికాలం చాలు, గర్ల్, మళ్ళీ మొదటికొస్తాం. మాటిస్తావా?" ఇచ్చాను.

మే 26న కనిపించాయి. వాగు పక్క బురదలో, రెండు వేళ్ళ గుర్తులు. ఒక్కటే జింక. ఫోన్ దాకా వెళ్ళాను. నంబర్ నొక్కలేదు. రేపు, అనుకున్నాను. బహుశా దారిన పోతూ వచ్చి ఉంటుంది, వెళ్ళిపోతుంది, అనుకున్నాను. మర్నాడు దాన్నే చూశాను. నన్ను చూసి పారిపోలేదు. ఎప్పుడో క్యాబేజీ తిన్న పిల్లేమో అనిపించింది. ఆ పిల్ల బతికి లేదని నాకు తెలుసు. రెండు చప్పుళ్ళు విన్నాను కదా. అయినా అనిపించింది.

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. రోజూ పొద్దున్న ఇంటి పని వదిలేసి పల్లంలోకి దిగడం, లెక్కపెట్టడం. ముప్ఫై ఎనిమిది ముప్ఫై మూడైంది. ఇరవై తొమ్మిదైంది. ఇంట్లో కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో మర్చిపోయేదాన్ని. మావారు "ఫోన్ చేసెయ్యి, లేదా వెళ్ళడం మానెయ్యి. రెండూ చెయ్యకపోతే ఎలా?" అన్నారు. ఆదివారం ఆస్పత్రి నుంచి అంకుల్ ఫోన్ చేశారు. గొంతు పీలగా ఉంది.

"అడుగులేమైనా?"

"ఏమీ లేవంకుల్."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

రెండు రోజులకి ఆయన పోయారు. నా మాట నమ్మారో లేదో తెలియదు. నమ్మి ఉంటే అబద్ధాన్ని నమ్మి పోయారు. నమ్మకపోతే ఆ బెంగతోనే పోయారు. ఎటు చూసినా తప్పు నాదే.

అంత్యక్రియలు శుక్రవారం జరిగాయి. చర్చి బయట శాండ్‌విచ్‌ల బల్ల దగ్గర ఆయన మేనల్లుడిని మొదటిసారి చూశాను. యాభై ఏళ్ళ మనిషి, అంకుల్ కూతురు చూపించింది. ఫోన్ చేసే పని లేకపోయింది. దగ్గరికి వెళ్ళి, ఎదురుగా నిలబడి చెప్పాను. జింక వచ్చిందని, ఇరవై రెండు రోజులైందని, మీ మామయ్య అడిగితే లేదన్నానని.

ఆయన టీ కప్పులోకి చూశారు. "ఎన్ని మిగిలాయి?" అన్నారు.

"ఇరవై ఒకటి."

"రేపు పొద్దున్న వస్తా."

శనివారం మంచు పట్టి ఉంది. ఈసారి ఇంట్లో కూర్చోలేదు. పల్లం గట్టు మీద, మేనల్లుడు నిలబడమన్న చోట నిలబడ్డాను. చెవులు మూసుకోలేదు. ఒక్కటే చప్పుడు. కాసేపటికి ఆయన దాన్ని భుజాల మీద వేసుకుని, ముందు కాళ్ళు ఒక చేత్తో పట్టుకుని, గట్టెక్కి వచ్చారు. దాని ఒంట్లోంచి ఇంకా ఆవిరి లేస్తోంది. నా పక్క నుంచి వెళ్తుంటే చూశాను. దాని పెదవుల మధ్య సగం నమిలిన బ్రాడ్‌లీఫ్ ఆకు ఉంది, తడిగా, మెరుస్తూ.

2016 జూన్ 18, శనివారం. పన్నెండు చోట్లా చట్రం పరిచాను. బ్రాడ్‌లీఫ్, మోకాలి పైన: ఇరవై ఒకటి. కొత్తగా కొరికినవి: ఒకటి, ఈ పొద్దుటిదే. పక్కింటి అంకుల్‌కి ఇచ్చిన మాట: ఇరవై మూడు రోజులు ఆలస్యంగా, చెల్లు.